తాగాడా, తిన్నాడా?

మన తెలుగు ఎంత సంపన్నమైన భాషైనా, 'తాగడం' దగ్గరికి వచ్చేసరికి కాస్త పిసినారితనం చూపించిందనే చెప్పాలి. నీళ్ళు తాగుతాం, మజ్జిగ తాగుతాం, కాఫీ తాగుతాం. మా జేజినాయన చుట్ట తాగేవాడు. చేలో పనిచేసే మనిషి గట్టున కూచుని ఒక బీడీ తాగి మళ్ళీ పార పట్టేవాడు. కడుపులోకి పోయేదానికీ, ఊపిరితిత్తుల్లోకి పోయేదానికీ మనకున్నది ఒకటే మాట. పైగా "ఆయన తాగుతాడటమ్మా" అని ఎవరైనా గొంతు తగ్గించి చెబితే, ఏం తాగుతాడో చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది!

గంజాయి సంగతీ అంతే. చిలుంలో పెట్టి పీల్చినా తాగడమే, ఆకు నూరి పాలల్లో కలిపి మింగినా తాగడమే. మిఠాయిలో పెట్టుకుని తిన్నవాడు మాత్రం ఏ లెక్కలోకీ రాడు. వాడు తాగలేదు కదా మరి! ఇదేదో మాటలతో తమాషా చేస్తున్నాననుకోకండి. ఈ ఒక్క మాట దగ్గర మా ఇంటి పిల్లవాడి వైద్యం ఒకరాత్రి అరగంటసేపు ఆగిపోయింది. అది చెప్పేముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

మా అనంతపురంలో గంజాయి పండదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేలలో శెనక్కాయ పండడమే గగనం. అయినా ఆ పేరు తెలియనివాళ్ళు మా పల్లెల్లో లేరు. కదిరి తేరుకు వచ్చే బైరాగులు చెట్టుకింద గుండ్రంగా కూచుని, చిలుం అడుక్కి తడిగుడ్డ చుట్టి, కళ్ళు మూసుకుని పీల్చేవాళ్ళని మా జేజి చెప్పేది. ఆ దారిన పోయేటప్పుడు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదిగాని, వాళ్ళను ఒక్కమాట అనేది కాదు. "వాళ్ళకేముందమ్మా, ఇల్లా వాకిలా" అనేది. గంజాయి అంటే సన్యాసులకూ దిక్కులేనివాళ్ళకూ సంబంధించినది, సంసారుల ఇళ్ళలోకి రాదు అని ఆ తరం ధీమా. 'గంజాయివనంలో తులసి మొక్క' అని సామెత చెప్పుకుని మన పిల్లల్ని తులసి మొక్కల్లో జమకట్టుకోవడం మనకూ అలవాటే.

ఇప్పుడది విశాఖ మన్యం నుంచి రైళ్ళమీదా లారీలమీదా దేశమంతా తిరుగుతోంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు ఒక్కరోజే సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. రెండు లక్షల కిలోలు! మన ఇళ్ళలో ఏడాదికి కొనే చింతపండుతో పోల్చుకుని చూడండి, కళ్ళు తిరుగుతాయి. బెంగళూరు మాకు అయిదు గంటల దూరం. పిల్లలందరూ చదువులకూ ఉద్యోగాలకూ అక్కడే.

మా ఆడబిడ్డ కొడుకూ అక్కడే చదువుతున్నాడు. ఇరవై ఏళ్ళవాడు, నెమ్మదస్థుడు. శనివారం సాయంత్రం బస్సెక్కి రాత్రి తొమ్మిదికి ఇంటికి వచ్చాడు. అన్నం దగ్గర ఊరికే నవ్వాడట. ఆ తర్వాత నవ్వు ఆగిపోయి భయం మొదలైంది. మాకు ఫోను వచ్చి మేం రెండు వీధులు దాటి పోయేసరికి వాడు మిద్దెమీద ఉన్నాడు. మా వైపు పాత మిద్దెలకు పిట్టగోడలుండవు. వేసవిలో పడుకోవడానికి తప్ప ఎవరూ పైకెక్కరు. వాడు అంచుకు బారెడు దూరంలో నిలబడి, కింద ఎవరో పిలుస్తున్నారని చెబుతున్నాడు. మావారు మాటల్లో పెట్టి, నెమ్మదిగా చెయ్యిపట్టుకుని దింపుకొచ్చారు. నాడి చూస్తే గుండె పరుగెత్తుతోంది. నోరు ఎండిపోయింది. "అత్తా, నేను సచ్చిపోతా ఉండా" అంటాడు, మళ్ళీ వెంటనే "ఇంతకుముందే సచ్చిపోయినా" అంటాడు.

"గాలి తగిలింది వదినా. మూడు దోవల కాడ బస్సు దిగినాడు గదా" అని మా వదిన ఏడుస్తూ ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసింది. పొద్దున్నే పెనుకొండ బాబయ్య దర్గాకు పోదామంది. నాకు దర్గామీద భక్తి లేకపోలేదు. కానీ ఆ గుండె పొద్దుటిదాకా ఆగేట్టు కనిపించలేదు. ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడి డ్యూటీ డాక్టరు మా అమ్మాయి వయసు పిల్ల. మొదటి ప్రశ్నే "ఏమన్నా తాగినాడామ్మా?" అని.

మా వదిన ఒంటికాలిమీద లేచింది. "నా కొడుకు టీ కూడా తాగడు! కావాలంటే నోరు వాసన చూడు."

చూశారు. వాసన లేదు. బట్టల్లో పొగ కంపు లేదు. మావారు వద్దన్నట్టు నావైపు చూస్తున్నారు, పరువు సంగతి. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, మా వదిన మళ్ళీ ఒట్టేసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అరగంటసేపు ఇట్లాగే నడిచింది. ఆఖరికి నేను వాడి చొక్కాజేబు తడిమితే రెండు వెండికాగితాలు దొరికాయి, చాక్లెట్టువి. వాడి పక్కన కూచుని, "తాగినావా అని అడగడం లేదురా. ఏం తిన్నావు? ఎన్నింటికి తిన్నావు?" అన్నాను.

"తినింటి అత్తా. బస్సెక్కేటప్పుడు నాలుగింటికి ఒకటి. ఏమీ కాలేదని చిక్కబళ్ళాపురం దాటినాక ఇంకోటి."

డాక్టరమ్మ ఆ రెండు ముక్కలూ, టైముతో సహా, కాగితంమీద రాసుకుంది. అప్పుడు ఆమె మొహంలో వచ్చిన తేలిక చూడాలి. మెదడు జ్వరమా, పాముకాటా, పురుగులమందా అని వెతుకుతున్న మనిషి ఆమె. కళ్ళలో టార్చి వేసి మళ్ళీ చూసింది. ఉమ్మెత్త కలిసిందేమోనని ఆమె అనుమానం. మత్తు ఎక్కువ కావాలని గంజాయిలో, భంగులో ఉమ్మెత్త గింజలు కలపడం మన దేశంలో పాత దుర్మార్గమే. ఉమ్మెత్త పడితే కంటిపాపలు పెద్దవై వెలుగుకు చిన్నవి కావు, ఒళ్ళు పొడిగా కాలిపోతుంది, మూత్రం బిగుస్తుంది. అది ప్రాణాంతకం. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయిగాని పాపలు మామూలుగానే ఉన్నాయి. "దీనికి విరుగుడు మందంటూ లేదమ్మా. గుండె చూస్తూ, పడిపోకుండా, భయపడకుండా కాపలా కాయడమే వైద్యం" అని దీపాలు తగ్గించి ఒక మూల పడక ఇప్పించింది. తెల్లవారి ఆరుగంటలదాకా వాడికి తెలివి పూర్తిగా రాలేదు.

ఆ తర్వాత వారంరోజులు నేను దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ ఇది మన వంటింటి విషయంలా కనిపించింది. నవ్వకండి. గంజాయిలో మత్తు పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, నెయ్యిలో, వెన్నలో, పాలమీగడలో కరుగుతుంది. పచ్చి ఆకులో అది ఇంకో రూపంలో ఉంటుంది, వేడి తగిలితేనే మత్తుపదార్థంగా మారుతుంది. అందుకే ఉత్తరాదిన హోళీకి భంగును పాలల్లో కలుపుతారు, నేతిలో వేయించి మిఠాయి చేస్తారు. చాక్లెట్టులో ఉన్నదీ కొవ్వే కదా.

పొగ పీలిస్తే అది ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్ణించి మెదడుకు నిమిషాల్లో చేరుతుంది. ఎక్కిందీ లేనిదీ పీల్చినవాడికి వెంటనే తెలిసిపోతుంది, మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. తిన్నది అట్లా కాదు. కడుపులో అరగాలి, కాలేయంలోకి పోవాలి. కాలేయం దాన్ని ఇంకో పదార్థంగా మారుస్తుంది, అది మరింత గట్టిగా మెదడును పట్టుకుంటుంది. మొదలుకావడానికే అరగంట నుంచి రెండు గంటలు. పరగడుపున ఒకమాదిరి, భోంచేశాక ఒకమాదిరి. ఒకసారి మొదలైతే ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు వదలదు. ఏమీ కాలేదని రెండోది తినడంలోనే ప్రమాదమంతా ఉంది. మొదటిదీ రెండోదీ కలిసి ఒకేసారి లేచి కూచుంటాయి.

2014లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం గంజాయిని అంగళ్ళలో అమ్మడానికి ఒప్పుకున్న కొత్తలో, మార్చి నెలలో, పందొమ్మిదేళ్ళ విద్యార్థి ఒకడు గంజాయి కలిపిన బిస్కెట్టు తిన్నాడు. ఆరోవంతు తింటే చాలని అంగట్లో చెప్పారు. వాడూ మొదట ముక్కే తిన్నాడు. అరగంటకో గంటకో ఏమీ తెలియలేదని మిగతాదంతా తినేశాడు. మూడున్నర గంటలు తిరిగేసరికి నాలుగో అంతస్తు వరండా మీంచి దూకి చనిపోయాడు. ఈ వివరం చదివినరోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. మిద్దె అంచే కళ్ళముందు కనిపించింది.

చిన్నపిల్లల సంగతి ఇంకా దారుణం. వాళ్ళకు చాక్లెట్టు చాక్లెట్టే కదా. అమెరికాలో ఆరేళ్ళలోపు పిల్లలు పొరపాటున ఇటువంటివి తిన్న కేసులు విష చికిత్స కేంద్రాలకు 2017లో 207 వస్తే, 2021లో 3,054 వచ్చాయి. చిన్న ఒంటికి ఆ మోతాదు పడితే మగతలోకి జారిపోతారు, ఒక్కోసారి ఊపిరి అందదు. గంజాయి చాక్లెట్లు మన హైదరాబాదు చుట్టుపక్కల పాన్ షాపుల్లో పట్టుబడ్డాయని పేపర్లలో మీరూ చదివే ఉంటారు.

ఇక్కడ ఇంకొక్కటి చెప్పాలి. మనవాళ్ళు మత్తు దిగాలని నిమ్మరసమో, చింతపండు రసమో, పుల్లమజ్జిగో పట్టిస్తారు. మెలకువగా ఉన్నవాడు తనంతట తాను తాగితే ఫరవాలేదు, అంతకుమించి గుణమూ లేదు. మగతలో ఉన్నవాడి నోరు తెరిచి పోస్తే మాత్రం అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్ళు పోసి కక్కించడమూ అంతే. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవడమే మంచిది.

ఇంతకీ తినడం ప్రమాదమంటే పీల్చడం మేలనా? అట్లా అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు మండించుకున్న మనకు పొగ సంగతి ఒకరు చెప్పాలా? ఆకు ఏదైనా కాలితే తారూ విషవాయువూ తప్పవు. పైగా గంజాయి పీల్చేవాళ్ళు లోపలికంటా లాగి ఊపిరి బిగబడతారు. 1988లో అమెరికాలో కొలిచి చూస్తే, అంతే సిగరెట్టు పొగతో పోలిస్తే లోపలికి పోయే తారు మూడురెట్లు, రక్తంలో చేరే కార్బన్ మోనాక్సైడు అయిదురెట్లు తేలాయి. నిత్యం పీల్చేవాళ్ళకు దగ్గూ గళ్ళా వదలవు. కేన్సరు విషయంలో మాత్రం పొగాకుకున్నంత గట్టి రుజువు గంజాయికి ఇంకా లేదు. కానీ మనవాళ్ళు బీడీ విప్పి పొగాకులోనే దాన్ని కలుపుతారు కాబట్టి ఆ సందేహలాభం మనకు దక్కదు. బైరాగులు చుట్టే తడిగుడ్డ నిప్పురవ్వల్ని ఆపుతుందేమోగాని విషాన్ని ఆపదు. తలుపులు మూసుకుని ఒకే చిలుం పంచుకున్న కుర్రాళ్ళలో క్షయ ఒకరినుంచి ఒకరికి పాకిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పీల్చిన మొదటి గంటలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలుకంటే అయిదురెట్ల దాకా పెరుగుతుందని 2001లో ఒక అధ్యయనం చెప్పింది. కుర్రాళ్ళకు అది లెక్కలోది కాకపోవచ్చు, బీపీ ఉన్న వాళ్ళ నాన్నలకు మాత్రం లెక్కే.

పొగలేకుండా ఆవిరి పీల్చే కరెంటు గొట్టాలొచ్చాయి, నాజూకుగా పెన్నులాగా ఉంటాయి. 2019లో అమెరికాలో వాటివల్ల కుర్రకారు ఊపిరితిత్తులు ఒక్కసారిగా దెబ్బతిని వేలల్లో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. దొంగసరుకు గంజాయినూనె పలచనకాకుండా చిక్కగా కనిపించడానికి విటమిన్-ఇ అసిటేటు కలిపారట. ఒంటికి పూసుకుంటే ఏమీచెయ్యని వస్తువు ఊపిరిలోకి పోతే అంతపని చేసింది! మన దేశంలో ఆ గొట్టాలను 2019లోనే నిషేధించారు.

ఏ దారిన పోయినా చివరికి చేరేది మెదడుకే. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,570 మంది కుర్రాళ్ళను పదిహేనేళ్ళు గమనించి 1987లో రాశారు. యాభైసార్లకు మించి గంజాయి వాడినవాళ్ళకు స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం ఆరురెట్లు కనిపించింది. వాడినవాళ్ళందరికీ రాదు, వచ్చినవాళ్ళందరూ దానివల్లే తెచ్చుకున్నారనీ కాదు. కానీ ఇంట్లో ఎవరికైనా మతి చలించిన చరిత్ర ఉంటే, పద్ధెనిమిదేళ్ళు నిండని వయసులో మొదలుపెడితే, ప్రమాదం ఎక్కువని డాక్టర్లందరూ చెబుతున్నారు.

అన్నట్టు, తాగాడా తిన్నాడా అని విడదీసి అడగడం కొత్తేమీ కాదు. 1893లో తెల్లదొరల ప్రభుత్వం గంజాయిమీద ఒక కమిషన్ వేసింది. 1,193 మంది సాక్షుల్ని దేశమంతటా విచారించి 1894లో ఏడు సంపుటాలు రాసింది. వాళ్ళు గంజాయి, చరస్, భంగు మూడింటినీ విడివిడిగా అడిగారు. మితంగా వాడితే దాదాపు హాని లేదని, అతిగా వాడితే హాని అని తేల్చారు. ఆనాటి సరుకు వేరు, ఇప్పటి సరుకు వేరు కనుక ఆ 'మితం' మాట నేను పట్టించుకోను. నాకు నచ్చింది ఇంకొకటి. 1892లో పిచ్చాసుపత్రుల్లో చేరినవాళ్ళలో 222 మందికి గంజాయివల్లే పిచ్చెక్కిందని రికార్డులు చెబుతుంటే, కమిషన్ ఒక్కొక్కటే తిరగతోడింది. కారణం తెలియకపోతే 'గంజాయి' అని పోలీసులే నింపేశారని తేలింది. నిలబడినవి 98 మాత్రమే. ఆనాడు లేనిచోట రాశారు, ఈనాడు మనం ఉన్నచోట దాస్తున్నాం. రెండుచోట్లా డాక్టరు చేతికి వచ్చేది తప్పుడు కాగితమే.

దాచడానికి పరువొక్కటే కారణం కాదు, పోలీసు భయం కూడా ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో వాడినవాడికీ శిక్ష ఉంది నిజమే. కానీ అదే చట్టంలో 64-ఎ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటుపడ్డవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి పూర్తి చేసుకుంటే, వాడినందుకు ప్రాసిక్యూషన్ లేకుండా రక్షణ ఇస్తుంది. ఇది మన ఆడవాళ్ళకు ఎవరూ చెప్పరు.

మా వాడు కోలుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన కౌన్సెలింగుకు రెండుసార్లు పోయొచ్చాడు. మా వదిన మాత్రం వీధిలో అందరికీ "బెంగళూరు తిండి పడలేదు" అని చెప్పుకొచ్చింది. తిండి పడని మాట నిజమే కాబట్టి నేనూ ఊరుకున్నాను.

కానీ వీధికి చెవులుంటాయి. పదిరోజుల తర్వాత మధ్యాహ్నంపూట, బొరుగుల మసాలా గిన్నెలో పెట్టుకుని వెనకింటి ఆమె వచ్చింది. అదీ ఇదీ మాట్లాడి, చివరికి "మా పెద్దోడు ఆరునెల్లుగా పొద్దున లేస్తూనే కక్కుకుంటా ఉండాడక్కా. ఎండోస్కోపీ చేసినారు, ఏమీ లేదన్నారు" అంది. తర్వాత విచిత్రంగా ఉందంటూ చెప్పింది. వేడినీళ్ళు పోసుకుంటూ ఉన్నంతసేపూ వాడికి వాంతులు ఆగుతాయట. రోజుకు మూడుసార్లు, గంటసేపు. కొళాయి నీళ్ళకోసం బిందెలు వరసపెట్టే ఊళ్ళో, ఏప్రిల్ ఎండలో, వేడినీళ్ళ స్నానం!

చదివినది చటుక్కున గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి గంజాయి వాడినవాళ్ళలో ఆగని వాంతులు వస్తాయనీ, వేడినీళ్ళ స్నానంతో తాత్కాలికంగా తగ్గుతాయనీ, మానేస్తే పోతాయనీ 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు మొదటిసారి రాశారు. నేను డాక్టర్ని కాను, వాడికి అదేనని ఎట్లా చెబుతాను? ఆమె అడగలేదు, నేనూ ఆ పేరెత్తలేదు. "డాక్టరు దగ్గర ఈ స్నానం సంగతి చెప్పినావా?" అన్నాను.

"అదేం చెప్పేదక్కా, నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. స్నానం సంగతి చెప్పు. వాణ్ణి ఒంటరిగా లోపలికి పంపి, నువ్వు బయట కూచో. నీముందు చెప్పనిది ఆయనకు చెబుతాడు." ఒక కాగితంమీద 14446 అని రాసిచ్చాను. ప్రభుత్వం వాళ్ళ ఉచిత నంబరు, వ్యసనాలు మాన్పించే సలహాకు. ఆమె దాన్ని మడిచి రవికెలో దోపుకుని, గిన్నె కడిగిస్తానన్నా వినకుండా తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే కొడుకుని వెంటబెట్టుకుని ఆటో ఎక్కుతుండగా కిటికీలోంచి చూశాను.